కొండెక్కే సంచిలో ఏం పెట్టుకోవాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో చలికాలం ట్రెక్కింగ్ సామాను గురించి వేసిన పేజీ చదివాను. మడత కుర్చీ, మడత బకెట్, గాలి నింపే దిండు, టైటానియం చెంచా, తొందరగా ఆరే టవలు. ఫొటోలు బాగున్నాయి. పక్కనే ధరలు కూడా వేశారు కాబట్టి అన్నీ కూడి చూశాను. నా నెల పెన్షన్‌లో సగానికి పైనే తేలింది. మా తమ్ముడి మనవడు ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. కూడికలు వాడికి అనవసరం, ఆ పేజీ చూసి ఫోన్లో ఆర్డర్ పెట్టేశాడు. అంతా పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద ఒక్క రాత్రి కోసం. పెట్టెలన్నీ వచ్చాక బ్యాగు సర్దుకుని మా ఇంటికి తెచ్చి, "తాతా, ఓసారి ఎత్తి చూడు" అన్నాడు. ఎత్తాను. అందుకే ఈ ఉత్తరం.

నేను వాల్తేరు డివిజన్‌లో కీమ్యాన్‌గా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం కొత్తవలస–కిరండోల్ లైన్ మీద, బొర్రా, శిమిలిగుడ వైపు గడిచింది. కీమ్యాన్ అంటే రోజూ తన బీటంతా పట్టాల వెంట నడిచి, సడలినవి బిగిస్తూ, విరిగినవి కనిపెడుతూ పోవాలి. భుజాన సుత్తి, స్పానర్, జెండాలు, డిటొనేటర్లు (ఆపదలో డ్రైవరుని హెచ్చరించడానికి పట్టా మీద పెట్టే టపాకాయల్లాంటివి) ఉంటాయి. అది డిపార్ట్‌మెంటు ఇచ్చిన బరువు, దింపేస్తానంటే కుదరదు. మనం తగ్గించుకోగలిగేది సొంత సామానే. అందుకని ఆ లైన్ మీద పనిచేసినవాళ్ల చేతిసంచిలో ఒక్క పనికే పనికొచ్చే వస్తువు నేను పెద్దగా చూడలేదు. నేను చెప్పదలచుకున్నదీ అదే. కొండకి తీసుకెళ్లే ప్రతి వస్తువూ కనీసం రెండు పనులు చేయాలి. అలాంటివి చాలావరకు మన బీరువాలో, వంటింట్లో ఎప్పట్నుంచో ఉన్నాయి.

ముందు లుంగీ సంగతి. మా వంటింటి కాటా మీద పెడితే పావుకిలోకి కాస్త తక్కువే తూగింది. కప్పుకుంటే దుప్పటి, పరుచుకుంటే పక్క, చుట్టుకుంటే బట్టలు మార్చుకునే గది, చుట్టి తలకింద పెట్టుకుంటే దిండు. ఎండలో తలకి చుట్టుకోవచ్చు. రెండు కొసలూ ముడేస్తే ఏరుకున్న ఎండుపుల్లలు మోసే మూట. చెయ్యి బెణికితే త్రికోణంగా మడిచి మెడకి వేలాడదీసే కట్టు. ఆడవాళ్లకైతే పాత నూలు చీర ఇంకా ఎక్కువ పనులు చేస్తుంది, గుడ్డ పొడుగు కదా. నైలాన్, పాలిస్టర్ చీర తేలికే, తొందరగా ఆరుతుంది కూడా. కానీ నిప్పు దగ్గర మాత్రం వద్దు. అది కాలుతూనే కరిగి ఒంటికి అంటుకుపోతుంది.

టవలు విషయంలో మీ పేజీ చెప్పింది నిజమే. బొచ్చు టవలు అరకిలో పైనే ఉంటుంది, తడిస్తే దానికి రెండింతలు, పైగా కొండమీద మంచులో రెండు రోజులైనా ఆరదు. దాని బదులు వందల రూపాయలు పోసి మైక్రోఫైబర్‌ది కొననక్కర్లేదు. మన పల్చటి నేత తువ్వాలు గట్టిగా పిండి సంచికి వెనక వేలాడదీస్తే నడుస్తుండగానే ఆరిపోతుంది. రంగు మాత్రం ఎర్రది తీసుకోండి. తెల్ల తువ్వాలు పొగమంచులో పది గజాల అవతల కనబడదు. దారి తప్పినవాడు ఎర్రది ఓ కొమ్మకి కట్టుకుంటే వెతికేవాళ్ల కంట పడతాడు. రైలు పట్టాల పక్కన మాత్రం సరదాకి కూడా ఊపకండి. డ్రైవరు బండి ఆపేస్తాడు, ఆపాలి కూడా.

నీళ్ల దగ్గర కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొండమీద ఒళ్లు పాడయ్యేది చాలాసార్లు అక్కడే. మా అమ్మాయి ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్తగా పనిచేస్తోంది. గెడ్డ (కొండవాగు) నీళ్లు గుడ్డలో వడగట్టుకునే వాళ్లమని నేనంటే నవ్వి, అందులో శాస్త్రం కూడా ఉందని చెప్పింది. బంగ్లాదేశ్‌లో మత్లబ్ అనే ప్రాంతంలో పాత నూలు చీరని కనీసం నాలుగు మడతలు వేసి నీళ్లు వడగట్టమని ఊళ్ల వాళ్లకి నేర్పితే కలరా దాదాపు సగానికి తగ్గిందట. ఆ ఫలితాలు 2003లో అచ్చయ్యాయి. కలరా క్రిములు నీళ్లలో తేలే సన్నటి పురుగులని అంటిపెట్టుకుని ఉంటాయి, ఆ పురుగు గుడ్డలో చిక్కితే వాటితోపాటు ఇవీ చిక్కుతాయి. కొత్త గుడ్డకన్నా ఉతికి ఉతికి అరిగిన గుడ్డే మేలు. నూలు పోగులు విచ్చుకుని సందులు చిన్నవవుతాయి. అలాగని వడగట్టగానే తాగేయకూడదు. బురద, పురుగు పోతాయి గానీ చిన్న క్రిములన్నీ పోవు. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం అలాగే మరగాలి. రెండువేల మీటర్లు దాటిన కొండల్లో అయితే మూడు నిమిషాలు అంటారు. మన మన్యంలో అంత ఎత్తు కొండ లేదు కాబట్టి నిమిషం చాలు. మరిగించే వీలు లేకపోతే క్లోరిన్ బిళ్లలు. అవి మందుల షాపులోనే దొరుకుతాయి, వాటికి బరువే లేదు.

పంచదార, ఉప్పు చెరో చిన్న పొట్లం. టీకి సరే, విరేచనాలు పట్టుకుంటే ప్రాణాధారం కూడా అదే. లీటరు శుభ్రమైన నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. ఓఆర్‌ఎస్ పొట్లం ఉంటే ఈ కొలతల బాధే లేదు.

సీసా గురించి ఇంట్లో రోజూ వాదనే. కొండెక్కేటప్పుడు నీళ్లు మోయడానికి మామూలు ప్లాస్టిక్ వాటర్ బాటిల్‌ని మించిన తేలిక వస్తువు లేదు. కానీ అందులో మరిగిన నీళ్లు పోయకూడదు, మెత్తబడి వంకర పోతుంది. అందుకని రెండు సీసాలు. ఒకటి ప్లాస్టిక్‌ది, ఇంకోటి ఒంటిపొర స్టీలుది. రాత్రి పడుకునే ముందు స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, ఉన్ని మేజోడులో దూర్చి పొట్ట దగ్గర పెట్టుకోండి. తెల్లారి అవే నీళ్లు తాగడానికి. ఇది ఫ్లాస్కుతో కుదరదు. ఫ్లాస్కు పని వేడిని తనలోనే ఉంచుకోవడం, మీకు ఇవ్వడం కాదు. ఫ్లాస్కుని పొయ్యి మీద పెట్టే తెలివిగలవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, రెండు పొరలున్నది నిప్పు మీద పెడితే పేలొచ్చు. ఇక దీపం. సెల్‌ఫోన్ లైటు పైకి వచ్చేలా పెట్టి, దాని మీద నీళ్లు నింపిన తెల్ల సీసా నిలబెడితే టెంటంతా వెలుతురు పరుచుకుంటుంది. లాంతరు కొననక్కర్లేదు. అన్నట్టు, చలికి ఫోన్ బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. రాత్రి ఫోన్‌ని బయట పెట్టకుండా మంకీ క్యాప్‌లో చుట్టి పక్కలో పెట్టుకోండి.

చలి అన్నాను కాబట్టి. మన సముద్రం ఒడ్డు వాళ్లకి చలి అంటే ఏమిటో సరిగ్గా తెలియదు. విశాఖ ఎంవీపీ కాలనీలో స్వెట్టర్ వేసుకుంటే పక్కవాళ్లు జ్వరమా అని అడుగుతారు. మన్యంలోని లంబసింగిలో పుష్యమాసం రాత్రి వేరు. అక్కడ పైన ఎన్ని కప్పుకున్నా వణుకు తగ్గదు, ఎందుకంటే ఒంట్లో వేడిని నేల లాగేస్తుంది. కాబట్టి పైన రగ్గు కన్నా ముందు కింద ఏం వేసుకున్నామో చూసుకోవాలి. ఫ్రిజ్, టీవీ కొన్నప్పుడు పెట్టెలో వచ్చే తెల్లటి మెత్తటి ఫోమ్ షీటు పారేయకండి. దాన్ని చుట్టచుట్టి సంచికి కడితే బరువు తెలియదు, నడుస్తూ ఆగినప్పుడు కూర్చోవడానికి కూడా అదే. అది లేకపోతే అట్టపెట్టె విప్పి పరుచుకోండి. దాని కింద, తేమ రాకుండా పాత ఫ్లెక్సీ ముక్క. మన ఊళ్లో ఫ్లెక్సీలకి కరువా? ఏ నాయకుడి మొహం మీద పడుకోవాలన్నది ఎవరి ఇష్టం వాళ్లది. అదే ఫ్లెక్సీకి నాలుగు మూలలా తాడు కడితే వానలో పైకప్పు. కాస్త బరువైనదే, అందుకని మనిషికో ముక్క కాదు, ముగ్గురికి కలిపి ఒకటి.

మీ పత్రికని కూడా వదలను. నిన్నటి పేపరు నాలుగు షీట్లు చొక్కాకీ స్వెట్టర్‌కీ మధ్య ఛాతీ మీద పెట్టుకుంటే చలిగాలి దూరదు. సైకిల్ పందేల వాళ్లు యూరప్ కొండల మీంచి దిగేటప్పుడు ఇదే పని చేసేవారు. తడిసిన బూట్లలో ఉండలు చుట్టి కుక్కితే రాత్రికి తేమ పీల్చేస్తుంది. పొయ్యి ముట్టించడానికీ అదే. తిండి మాత్రం అందులో పెట్టుకోకూడదు. సిరాలో ఉండే రసాయనాలు వేడి నూనె వస్తువులకి ఎక్కుతాయని ఆహార భద్రతా సంస్థ 2023లో కూడా హెచ్చరించింది. దానికి అడ్డాకు విస్తర్లు ఉన్నాయి. మన ఏజెన్సీ సంతల్లో దొరుకుతాయి, కట్ట కొంటే కొన్నవాళ్లకీ కుట్టినవాళ్లకీ మంచిది. కొత్త విస్తరి పళ్లెం, తిన్నాక మట్టిలో కలిసిపోతుంది.

వాన సంగతి. పెద్ద నల్ల చెత్తకవరు మడిస్తే జేబులో పడుతుంది. సంచి లోపల వేసి సామాను అందులో సర్దితే సంచి నానినా లోపల పొడిగా ఉంటుంది. బయట కప్పే రెయిన్‌కవరు కన్నా ఇదే నయం, గాలికి ఎగిరిపోదు. ఇంకో కవరుకి తల దూరేంత బెజ్జం కోసుకుంటే రెయిన్‌కోటు. మా చిన్నప్పుడు పొలాల్లో ఆడవాళ్లు గోనెసంచిని ఒక మూల లోపలికి నెట్టి తలమీంచి వేసుకునేవారు, ఆ పద్ధతే. తిరిగి వచ్చేటప్పుడు అదే కవరులో మీ చెత్త.

గిన్నె ఒక్కటి చాలు. స్టీలు అల్యూమినియానికి దాదాపు మూడింతలు బరువు కాబట్టి పల్చటి అల్యూమినియం గిన్నె, దాని మీద సరిపోయే మూత. మూతే పళ్లెం. గిన్నెలో అటుకులు, బెల్లం, అగ్గిపెట్టె దూర్చేస్తే లోపల చోటు కూడా వృథా కాదు. చింతపండు పులుసులు అందులో కాచకండి, పులుపు అల్యూమినియాన్ని తింటుంది. కుక్కర్లు మోసుకొచ్చే కుటుంబాలని అరకు పాసింజర్‌లో చూసేవాణ్ణి. వాళ్లు వనభోజనానికి వెళ్తున్నారు, వాళ్లకి మన లెక్కలు వర్తించవు. కానీ రైల్లో గ్యాస్ బండ, కిరసనాయిలు, వెలిగించే స్టవ్వు తీసుకెళ్లడం నేరం. రైల్వే చట్టం 164వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానావో, రెండూనో పడొచ్చు. ట్రెక్కింగ్ చిన్న గ్యాస్ డబ్బా కూడా గ్యాసే.

అసలు ఒక్క రాత్రికి వంటెందుకన్నది నా అభిప్రాయం. అటుకులు చల్లటి నీళ్లలో నానతాయి. ఉప్మా రవ్వని ఇంట్లోనే పోపుతో సహా వేయించి డబ్బాలో పోసుకుంటే అక్కడ మరిగే నీళ్లు పోసి మూతపెట్టడమే. చోడిపిండి (రాగిపిండి) వేయించి పట్టుకెళ్తే నీళ్లలో కలిపి అంబలి. వేరుశనగ చిక్కీ జేబులో ఉంటే నడకలో ఆకలి తెలియదు. చింతపండు పులిహోర మర్నాటి పొద్దుటి దాకా నిలవుంటుంది. రిజర్వ్ ఫారెస్టులో ఎలాగూ పొయ్యి పెట్టనివ్వరు, పెట్టకూడదు కూడా. మాఘం వచ్చేసరికి కొండల మీద గడ్డి ఎండి ఉంటుంది. ఒక్క రవ్వ చాలు. అనుమతి ఉన్న చోట నిప్పు కావాలంటే కర్పూరం బిళ్లలు పట్టుకెళ్లండి, తడి పుల్లలు కూడా అంటుకుంటాయి. బిగుతు మూత డబ్బాలో పెట్టకపోతే కొండెక్కేలోపే గాలిలో కలిసిపోతుంది.

ఇంకా చిన్నవి. దబ్బనం, గోనెదారం. సంచి పట్టీ తెగినా, చెప్పు ఊడినా, టెంటు గుడ్డ చిరిగినా ఈ రెండూ ఆదుకుంటాయి. మనవడి బ్యాగులో రిపేర్ కిట్ అని ఒక పెట్టె ఉంది, అందులో అన్నీ ఉన్నాయి గానీ దబ్బనం లేదు. పిన్నీసులు అరడజను, తడి మేజోళ్లు సంచికి తగిలించుకోవడానికీ, ముల్లు తీయడానికీ. కొబ్బరినూనె చిన్న సీసా. పెదాలకి, పగిలిన మడమలకి, బూటు రాసుకున్న చోట, అవసరమైతే వత్తి వేసి దీపానికి. శీతాకాలం అది గడ్డకడుతుంది, కాబట్టి వెడల్పు మూతి సీసాలో పోసుకోండి. గొడుగు ఎండకీ వానకీ, దిగేటప్పుడు చేతికర్రకీ. పాతకాలం పొడుగు గొడుగైతేనే సుమా, బటన్ నొక్కే మూడు మడతలది కాదు.

ఇంత చెప్పి, అన్నిటికీ ఇల్లే చాలు అని మాత్రం అనను. కొన్నిటి దగ్గర పొదుపు పనికిరాదు. బూట్లు అందులో మొదటివి. మంచు పడిన రాయి మీద అరిగిపోయిన స్పోర్ట్స్ షూతో నడవడం కన్నా ఇంట్లో కూర్చోవడం నయం. తలకి కట్టుకునే టార్చి కొనండి, సెల్‌ఫోన్ ఒక చేత్తో పట్టుకుని తెల్లవారుజామున కొండెక్కడం క్షేమం కాదు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఒక ఉన్ని బట్ట ఉండాల్సిందే. నూలు తడిస్తే వేడి ఇవ్వదు సరికదా, ఉన్న వేడి కూడా లాగేస్తుంది. ఉన్ని తడిసినా కొంత కాపాడుతుంది. ఇంకా ఒక ఈల. అరిస్తే గొంతు కాసేపటికి పోతుంది, ఈల పోదు. మూడేసి సార్లు ఆగి ఆగి ఊదడం చాలాచోట్ల ఆపద సంకేతం. మనవడి సామానులో టార్చి, బూట్లు ఉంచాం. మిగతావి వెనక్కి పంపించాం. మడత కుర్చీని మాత్రం వాపసు తీసుకోం అన్నారు. సరే, అది మా వరండాలో ఉంది, నాకు బాగానే ఉంది.

పిల్లల్ని తీసుకెళ్లే స్కూళ్లకి ఒక మాట. 2020 స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం పిల్లవాడి బరువులో పదో వంతు మించి సంచి ఉండకూడదు. రోజూ బడికే ఆ లెక్క ఉన్నప్పుడు కొండకి ఇంకా జాగ్రత్త పడాలి. ముప్ఫై కిలోల పిల్లకి మూడు కిలోలు. అందులో నీళ్లే ఒక కిలో.

ఈ మూట కొండకే కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు లేక, కుళాయి రాక విశాఖ మొత్తం ఇళ్లలోనే క్యాంపింగ్ చేసింది. వడగట్టే గుడ్డ, క్లోరిన్ బిళ్లలు, టార్చి, అటుకులు, చెత్తకవర్లు. పేరు మారుతుంది గానీ వస్తువులవే. తుపాను సీజన్ మొదలయ్యే ముందు ఓ సంచిలో వేసి అటక మీద పెట్టుకుంటే రెండిటికీ సరిపోతుంది.

మీకు నా విన్నపం, ఇకమీద ఇలాంటి పేజీ వేసేటప్పుడు ధర పక్కనే గ్రాముల్లో బరువు కూడా వేయండి. చదివేవాడు ఏది మోయగలడో వాడే తేల్చుకుంటాడు.

అధికారులకి ఇంకొకటి. వంజంగి కొండ మీద ఉదయం మేఘాలు చూడడానికి వచ్చేవాళ్లు పైన వదిలేసే గ్లాసులు, కవర్లు, సీసాలు ఎంతో అక్కడి ఊరివాళ్లని అడగండి. ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు, పళ్లేలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం, అయినా కొండమీదకి ఎక్కుతూనే ఉన్నాయి. కొండ కింద, దారి మొదట్లో, సంతలో కూరలు తూచే కాటాలాంటిది ఒకటి వేలాడదీయండి. ఎక్కేటప్పుడు ప్లాస్టిక్ సామాను వరకు తూచి చీటీ ఇవ్వాలి, కొంత డబ్బు కట్టించుకోవాలి. సీసాలో నీళ్లు తాగితే బరువు తగ్గుతుంది కదా అంటారు. ఖాళీ సీసాలు లెక్కపెట్టి, మిగతాది తూచితే ఆ తగాదా ఉండదు. దిగేటప్పుడు చీటీలో ఉన్నంతా చూపించినవాడికి డబ్బు వెనక్కి. ఆ పనికి దగ్గరి ఊళ్ల కుర్రాళ్లని పెడితే వాళ్లకి సీజన్‌లో నాలుగు డబ్బులు వస్తాయి. కాటా, చీటీల పుస్తకం, ఒక బల్ల. ఈ సంక్రాంతి సెలవుల రద్దీకి ముందే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
రిటైర్డ్ కీమ్యాన్,
కంచరపాలెం, విశాఖపట్నం